మంచు గొడ్డలికి శివాజీ అల్లిన తాడు

శ్రీకాకుళం పట్టణం అరసవల్లిలో అద్దె ఇంట్లో ఉంటున్న, కీర్తిశేషులు మైలపిల్లి నూకయ్య కుమార్తెను, నలభై మూడేళ్ల అవివాహితను, వృత్తిరీత్యా విలేకరిని అయిన మైలపిల్లి అరుణశ్రీ అను నేను, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి, నా చేత్తో నేనే రాసిన వీలునామా ఇది. ఇంతకు ముందు వీలునామా ఏదీ రాయలేదు.

తెలివిలో ఉన్నాననడానికి ఆధారాలు ఇవి. గత గురువారం సాగునీటి సమావేశం వార్త పంపాను. అందులో ఒక్క పేరూ, ఒక్క అంకె కూడా తప్పు పోలేదు. ఈ ఉదయం డాక్టరు రక్తపోటు చూసి కొంచెం ఎక్కువ ఉందన్నారు. వారం రోజులుగా నిద్ర నాలుగు గంటలకు మించడం లేదు. భయపడుతున్న మనిషి రాసిన వీలునామా చెల్లుతుందా అని ప్లీడరును అడిగాను. భయం లేనివాళ్లు నా దగ్గరికి రారమ్మా అన్నారు.

రాయవలసి వచ్చిన సందర్భం: ఎల్లుండి ఆమదాలవలసలో రైలెక్కి హిమాచల్ వెళ్తున్నాను. ఏడుగురు సభ్యుల బృందం. ఆరు వేల మీటర్లు దాటిన ఒక శిఖరం. బృందం వాళ్లు పంపిన హామీపత్రంలో ‘ప్రాణనష్టం సంభవించిన యెడల’ అన్న మాట తర్వాత మూడు గీతల ఖాళీ వదిలారు. నేను చెప్పవలసింది మూడు గీతల్లో పట్టదు.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత నరసన్నపేటలో ఉంటున్న మాజీ హవల్దారు జగన్నాధం బాబాయికి అప్పగిస్తున్నాను. ఆయన నాకు చుట్టం కాదు. ఇరవై ఏళ్లు సైన్యంలో చేసి, అందులో పదకొండు నెలలు మంచు కొండల మీద కాపలా కాశారు. ఎడమ కాలికి రెండు వేళ్లు లేవు. ఆ సంగతి అడిగితే, “మిగతా ఎనిమిదీ ఉన్నాయి గదా, ఆటి సంగతి అడగవేటమ్మా” అంటారు. నా మంచు గొడ్డలికి ఏమేమి అమర్చాలో చెప్పింది ఆయనే. అందువల్ల నా తర్వాత దాన్ని చూడవలసింది కూడా ఆయనే.

2. కళింగపట్నంలో ఉంటున్న మా అమ్మ మైలపిల్లి తాతమ్మకు నా బ్యాంకు ఖాతా, ప్రావిడెంట్ ఫండ్ మొత్తం చెందాలి. దానితో పాటు నల్ల రబ్బరు బూటు ఒకటి ఆమెకు తిరిగి చేరాలి. దాని వివరం ఐదో క్లాజులో ఉంది. ఇది చిన్న వస్తువు అని బాబాయి మరచిపోకూడదు. ముందు అదే చేరాలి.

3. మా అన్నయ్య శివాజీకి నేను ఏమీ రాయడం లేదు. ఇది పొరపాటు కాదు, కోపమూ కాదు. కారణం పదో క్లాజులో ఉంది. అక్కడిదాకా చదవకుండా ఎవరూ ఏమీ అనుకోవద్దు. ముఖ్యంగా అతని భార్య దేవి వదిన.

4. నా స్కూటరు దేవి వదినకు. ఆమె దీని మీదే బండి నేర్చుకుంది. నేర్చుకున్న మొదటి రోజే ఎండబెట్టిన కవళ్ల చేపల మీదుగా పోనిచ్చి, అమ్మతో నన్ను తిట్టించింది. పదేళ్లయినా ఆ నేరం నా మీదే ఉంది. బండి ఎవరిదో వాళ్లదే తప్పని వదిన వాదన. ఇక బండి ఆమెదే.

5. మా పత్రికలో ఫోటోగ్రాఫర్‌గా పని చేస్తున్న షీబాకు నా నోటుపుస్తకాలు అన్నీ, మంచు గొడ్డలి చెందాలి. వచ్చే ఏడు తనూ కొండలెక్కడం నేర్చుకునే శిక్షణకు వెళ్తానంటోంది. గొడ్డలిని మొదటిసారి చూసి, “అక్కా, ఇది కొబ్బరికాయలు దింపే కొక్కెమా?” అన్న పిల్ల ఇప్పుడు దాని బరువు గ్రాములతో సహా చెబుతుంది.

ఇది మామూలు రకం గొడ్డలి. అరవై ఐదు సెంటీమీటర్ల అల్యూమినియం కర్ర. పైన ఉక్కు తల. తలకు ఒక పక్క మంచులో దిగే ముక్కు, రెండో పక్క మంచు చెక్కే చిన్న పార. కింద ఒక మొన. 2016లో హిమాచల్‌లో నా మొదటి శిక్షణప్పుడు అక్కడి పాత సామాన్ల దుకాణంలో కొన్నాను. అమ్మేటప్పుడు దానికి ఒక చేతి తాడు తప్ప మరేమీ లేదు. ఇలాంటి గొడ్డలి ఒక్కదాన్నే ఇస్తే ఇచ్చినట్టు కాదని బాబాయి అంటారు. కాబట్టి దాని సామగ్రిని విడిగా రాస్తున్నాను.

ముక్కుకూ పారకూ కలిపి లారీ ట్యూబుతో కుట్టిన తొడుగు ఉంది. అరసవల్లి గుడి దారిలో చెప్పులు కుట్టే సోములు కుట్టాడు. కొలత తీసుకుంటూ, “ఎవుల్ని నరకడానికమ్మా ఇది?” అని మూడుసార్లు అడిగాడు. మంచును అని మూడుసార్లు చెప్పాను. “మన కాడ మంచేదమ్మా?” అన్నాడు. నడిచేటప్పుడు, బస్సులో, రైల్లో ఈ తొడుగు తీయకూడదు. గొడ్డలి గాయాల్లో ఎక్కువ భాగం కొండ మీద కావు, సామాన్లు దించేటప్పుడు అవుతాయని బాబాయి చెప్పారు. నేను వేరే ఇద్దరిని అడిగి నిర్ధారించుకున్నాను.

కర్రకు సైకిల్ ట్యూబు చుట్టి ఉంది. పట్టు జారకుండా ఉండటానికీ, చలికి లోహం చేతిని పట్టేయకుండా ఉండటానికీ. చుట్టింది బాబాయి. రెండేళ్లకోసారి మార్చాలి.

ముక్కుకు పదును పెట్టవలసి వస్తే ఆకురాయితో, చేత్తోనే పెట్టాలి. నరసన్నపేటలో వెల్డింగు షాపు కుర్రవాడు తిరిగే రాయి మీద రెండు నిమిషాల్లో పెట్టేస్తానన్నాడు. బాబాయి గొడ్డలి లాక్కుని, “ఉక్కు వేడెక్కితే మెత్తబడిపోతాది. అక్కడ ఎవుడొచ్చి నిలబెడతాడు, నువ్వా?” అన్నారు. సముద్రపు గాలికి పది రోజుల్లో తుప్పు వస్తుంది. మిషను నూనె గుడ్డతో తుడవాలి. అమ్మ ఒకసారి చేపనూనె రాసింది. నెల రోజులు గదిలో కూర్చోలేకపోయాం.

కింది మొనకు ఒక రబ్బరు బూటు తొడిగి ఉంది. ముసలివాళ్ల చేతికర్రకు ఉండేది. రెండో క్లాజులో చెప్పింది ఇదే. నేను మందుల దుకాణంలో కొందామనుకుంటుండగా అమ్మ తన కర్రది పీకి నా చేతిలో పెట్టింది. “తాడు మాట నా కాడ తేకు. ఇది అట్టుకెల్లు” అంది. ఆ రోజు నుంచి ఆమె కర్ర గచ్చు మీద జారుతోంది. కొత్త బూటు కొనిచ్చాను. పెట్టెలో దాచింది, వేసుకోలేదు. నేను దూరంలో ఉన్నప్పుడు నాకు కలిగే భయాల్లో మంచు రెండోది. అమ్మ స్నానాలగది గడప మొదటిది. షీబా వేరే బూటు కొనుక్కోవాలి.

తాడును షీబాకు ఇవ్వడం లేదు. దాన్ని గురించి ఎనిమిదో క్లాజు.

6. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్న సంజయ్‌కు నా బైనాక్యులర్స్ ఇస్తున్నాను. అతనికి నేను బాకీ ఉన్నది బైనాక్యులర్స్ కాదు. ఒక సవరణ.

2016 జూన్ 9న, ఉదయం పది దాటాక, ఎండకు కరిగిన మంచు బూట్లలోకి దిగుతుండగా, శిక్షణ వాలు మీద నేను పైన, సంజయ్ నాకు పన్నెండు అడుగుల కింద ఉన్నాం. నా చేతిలోంచి గొడ్డలి జారింది. దాని ముక్కు సంజయ్ కుడి మోకాలికి తగిలింది. రెండు ఆపరేషన్లు అయ్యాయి. ఇప్పుడు పిల్లల్ని పరిగెత్తిస్తాడు, తాను పరిగెత్తడు. గొడ్డలి దొరికినప్పుడు దానికి చేతి తాడు లేదు. రాళ్ల మధ్య ఊడిపోయి ఉంటుంది. “తాడు తెగిందా?” అని శిక్షకుడు నన్ను అడిగారు. నేను తల ఊపాను. రిజిస్టరులో ‘నాసిరకం తాడు తెగినందున’ అని రాశారు. నేను సంతకం పెట్టాను. ఆ దుకాణంలో ఎవరూ ఏమీ కొనవద్దని ఆ సాయంత్రమే అందరికీ చెప్పారు.

తాడు తెగలేదు. మణికట్టుకున్న ఉచ్చును నేనే తీసేశాను. తీసినట్టు నాకు తెలియలేదు. గొడ్డలి జారాక చెయ్యి చూసుకుంటే ఉచ్చు లేదు, వదులు చేసిన వేళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. మా ఇంట్లో ఒంటి మీద తాడు ఉంచుకోం. ఎందుకో తొమ్మిదో క్లాజులో రాశాను. తడి కాళ్లకు తగలగానే చేతికున్నది విప్పేయడం నాకు పద్నాలుగో ఏట నుంచి అలవాటు.

ముప్పై సెకన్లలో చెప్పగలిగిన నిజం అది. రెండేళ్లు చెప్పలేదు. సంజయ్ కలిసినప్పుడల్లా, “తాడు తెగితే నువ్వేటి సేస్తావు అక్కా, ఊరుకో” అంటాడు. ఇప్పటికి పదకొండుసార్లు అన్నాడు. ఇతరుల తప్పులకు సవరణ వేయించడం కోసం డెస్కుతో ఇరవై ఏళ్లు పోట్లాడిన మనిషిని నేను.

7. నా మరణం వార్త అయితే, డెస్కుకు వినతి. పేరు, వయసు, ఊరు, ఎత్తు, తేదీ, కారణం చాలు. ‘సాహస వనిత’ వద్దు. ‘మంచు ఒడిలో’ వద్దు. 2016లో నేను శిక్షణ నుంచి తిరిగి వచ్చినప్పుడు ‘హిమగిరులపై సిక్కోలు సివంగి’ అని శీర్షిక పెట్టినవారు ఇప్పటికీ అక్కడే పని చేస్తున్నారు. వారిని నేను క్షమించలేదు. ఈ వీలునామా ద్వారా కూడా క్షమించడం లేదు.

8. తాడు.

బాబాయి లెక్క ప్రకారం ఈ గొడ్డలికి అన్నిటికన్నా ముఖ్యమైన అమరిక చేతి తాడు. గొడ్డలి చేయి జారితే అది కింది వాళ్ల మీద పడకూడదు, మనకూ దూరం కాకూడదు. మార్చి మొదటి వారంలో కళింగపట్నం వెళ్లి, వల తాడుతో ఒకటి అల్లి ఇవ్వమని అన్నయ్యను అడిగాను. అన్నయ్య వల కుడుతున్నాడు. తలెత్తకుండా, “నన్నడుగుతున్నావేటే? ఊర్లో ఇంకెవులూ నేరా?” అన్నాడు. ఉన్నారు గాని నువ్వే అల్లాలి అన్నాను. “బుద్ధుందా నీకు?” అని లేచి వెళ్లిపోయాడు. మూడు వారాలు మాట్లాడలేదు. తర్వాత ఒక ఆదివారం చూస్తే నా స్కూటరు హ్యాండిలుకు ఒక పొట్లం వేలాడుతోంది. లోపల తాడు. చుట్టిన కాగితం మా పత్రికే. “నీ పేపరు సదవడానికి పనికిరాదు గానీ, పొట్లానికి బాగుంది” అన్నాడు.

తాడుకు జరిగిన పరీక్షల వివరాలు. మూడు పాయల నైలాను అల్లిక. పొడవు నా చేతికి సరిపడా, అంటే చెయ్యి కర్ర చివర పట్టుకునేంత. అరవై కేజీల ఇసుక బస్తా కట్టి పడవ దుంగకు పగలంతా వేలాడదీశాం. అల్లిక కదలలేదు. తర్వాత గొడ్డలినీ తాడునూ ఉప్పునీళ్లలో తడిపి, చేపలకు ఐసు పోసే ఫ్యాక్టరీలో ఒక రోజు ఉంచాం. ఐసు ఆడించే మనిషి, “ఏటి శివాజీ, గొడ్డల్ని ఎగుమతి సేస్తన్నావా?” అన్నాడు. బయటికి తీసి, చేతి తొడుగులు వేసుకుని, తాడుకు అన్నయ్య వేసిన ముడి విప్పడానికి నేను ఐదు నిమిషాలు ప్రయత్నించాను. విప్పలేకపోయాను. అదే నేను అడిగింది. తెలియకుండా నా చెయ్యి విప్పలేని ముడి.

దీనిలో ఒక ప్రమాదం ఉంది. బాబాయి దాచలేదు, నేనూ దాచను. చేతికి కట్టిన గొడ్డలి మనిషితో పాటు దొర్లుతుంది. దొర్లేటప్పుడు ముక్కు ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కట్టుకుంటే ఒక రకం ప్రమాదం, కట్టుకోకపోతే ఇంకో రకం. రెండూ చూసి, కట్టుకునే వెళ్లాలని నిర్ణయించింది నేను. నిర్ణయించినప్పుడు శివాజీ అక్కడ లేడు.

కాబట్టి ఇందుమూలంగా ప్రకటించేదేమంటే: నేను తాడుతో దొరికితే తప్పు తాడుది కాదు. తాడు లేకుండా దొరికితే, దాన్ని కత్తితో కోసుకుని ఉంటాను, అప్పుడూ తప్పు తాడుది కాదు. అసలు దొరకకపోతే, తాడు గురించి ఎవరు ఏ మాట చెప్పినా దానికి ఆధారం ఉండదు. చేయని నేరాన్ని ఒక తాడు మీద ఒకసారి నేనే మోపాను. రెండోసారి ఎవరూ మోపకూడదు. ఈ తాడు వారసత్వంగా ఎవరికీ చెందదు. అది నా చేతికే ఉండాలి.

9. నాన్న విషయం. ఇది ఆస్తి కాదు, అయినా పంచవలసినదే.

1989 ఆగస్టులో మా నాన్న నూకయ్య సముద్రంలో పోయాడు. లంగరు తాడు కాలికి చిక్కుకుని, లంగరుతో పాటు దిగిపోయాడు. అప్పుడు నాకు పద్నాలుగు, అన్నయ్యకు పదిహేడు. ముందు రోజు సాయంత్రం ఒడ్డున ఆ తాడును చుట్ట చుట్టింది అన్నయ్య. తెల్లారేసరికి జ్వరం రావడంతో తెప్ప మీద వెళ్లలేదు. చుట్ట తిరగబడి కాలికి పడిందని ఊరంతా అన్నారు. పదకొండో రోజు అమ్మ కత్తిపీట తెచ్చి అన్నయ్య మొలతాడు కోసేసింది. “తాడు ఒంటి మీదుంటే సముద్రం ఆనవాలు పట్టేస్తాది” అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ మొలతాడు కట్టలేదు, తాయెత్తు కట్టలేదు. నీళ్ల దగ్గర నేను వాచీ కూడా పెట్టుకోను. అన్నయ్య ఇప్పుడు సొంత పడవ ఉన్న మనిషి. వల కుడతాడు, ఇంజను బాగుచేస్తాడు. లంగరు తాడు మాత్రం ఇరవై తొమ్మిదేళ్లుగా తన చేత్తో చుట్టడు. ఎందుకని ఎవరూ అడగరు.

ఆ రోజు తెప్ప మీద నాన్నతో ఉన్నది కూర్మయ్య మావ. అమ్మకు వరసకు తమ్ముడు. ఈ ఏప్రిల్ 22న, తాడు పరీక్షలు అయ్యాక, ఆ ముడి మంచిదో కాదో అడగడానికి ఆయన దగ్గరికి వెళ్లాను. తాడు చేత్తో తడిమి, “ఇది శివాజీ అల్లిక” అన్నాడు. తాడు నా చేతికి తిరిగి ఇచ్చేశాడు. తర్వాత చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఆయనకు చదివి వినిపించి, వేలిముద్ర తీసుకున్నాను.

“మీ అయ్యే కాలికి ఓ సుట్టు ఏసుకున్నాడే. రెండు సేతులూ వల మీదున్నాయి. తాడు జారిపోతాదని కాలికి సుట్టుకున్నాడు. ఒద్దు బావా అన్నాను. ఇన్నేదు. పక్కనుంచి అల కొట్టింది, అంచు మీదున్న లంగరు పడిపోనాది. సుట్ట బాగానే ఉన్నాది. శివాజీ బాగానే సుట్టాడు. నీ మొగుడు తన కాలికి తానే కట్టుకున్నాడని మా అప్పతో ఎలాగ సెప్పమంటావు? సుట్ట తిరగబడిందని ఊర్లో నానే సెప్పీనాను. గుంటడికి జొరం గదా, ఆడి మీదకి పోదులే అనుకున్నాను. పోనాది. ఇంక మొయ్యనేను. నా పేరు సెప్పే రాయి.”

ఒక్కరి మాటే కదా అని డెస్కు అడుగుతుంది. అడగాలి కూడా. నాన్న దొరికిన రోజు కాలి ముడి చూసిన ఇంకొకరు బతికి ఉన్నారు. ఆయనను విడిగా అడిగాను. రెండు చుట్లు, మధ్యలో మెలిక అన్నాడు. తిరగబడిన చుట్ట మెలిక వేసుకోదు.

10. ఇక మూడో క్లాజుకు కారణం. వీలునామాలో ఏదైనా పొందేవారు సాక్షి సంతకం చేయకపోవడం మంచిదని ప్లీడరు చెప్పారు. సాక్షిగా శివాజీయే కావాలి. అందుకే అతనికి ఏమీ రాయలేదు.

వీలునామా అనేది మనిషి పోయాక తెరిచే కాగితం. ఆరో క్లాజునూ తొమ్మిదో క్లాజునూ అలా మూసి ఉంచడం నా వృత్తికి తగదు. ఆరో క్లాజు నకళ్లను సంజయ్‌కూ, ఆ దుకాణదారుకూ, శిక్షణ సంస్థకూ ఈ ఉదయం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. రసీదులు జతపరుస్తున్నాను. సంజయ్ పన్నెండోసారి ఏమంటాడో తెలియదు. అది అతని ఇష్టం.

తొమ్మిదో క్లాజు అన్నయ్య ఈ రోజు చదువుతాడు. మధ్యాహ్నం మూడింటికి సంతకం కోసం రమ్మన్నాను. ఏమి రాశానో చెప్పలేదు. మొదటి అక్షరం నుంచి చదివితేనే సంతకం అంటాను. చదివి ఈ కాగితాలు నా మొహాన కొట్టి వెళ్లిపోవచ్చు. పెద్దవాళ్ల మాట కాదని, చనిపోయిన తండ్రిని తప్పుపట్టానని అనవచ్చు. నేను ఇంతవరకు ఎదుర్కొన్న ఏ ఇంటర్వ్యూకూ ఇంత భయపడలేదు.

అతను సంతకం పెట్టకపోతే ఈ వీలునామా చెల్లదు. నేను రైలెక్కను. తాడు విప్పి, ఎవరు అల్లారో వారికే తిరిగి ఇచ్చేస్తాను. నా మరణం తర్వాత మా అన్నయ్య ఇంకో ఇరవై తొమ్మిదేళ్లు తన చేతుల వంక చూసుకుంటూ కూర్చునే అవకాశం ఉండగా నేను కొండ ఎక్కలేను. సంతకం పెడితే ఎక్కుతాను.

పై పది క్లాజులూ నేను రాసి, రెండుసార్లు సరిచూసుకుని, ప్రతి పేజీ అడుగున పొట్టి సంతకం చేశాను. కొట్టివేతలు రెండు. రెండూ ఏడో క్లాజులో విశేషణాలు.

అరసవల్లి,
14 మే 2018, సోమవారం.

(సంతకం) మైలపిల్లి అరుణశ్రీ

సాక్షులు:

1. సోములు, చెప్పులు కుట్టు వృత్తి, గుడి దారి, అరసవల్లి. (వేలిముద్ర)
సాక్షి కోరిక మేరకు రాసినది: “నరకడానికా అని నాను ముందే అడిగినాను. కాదంది. అందుకే ఏలిముద్ర ఏసాను.”

2. మైలపిల్లి శివాజీ, నూకయ్య కుమారుడు, చేపల వేట, కళింగపట్నం. (సంతకం)
సాక్షి తన చేత్తో రాసినది: సదివాను. రెండుసార్లు సదివాను. కూర్మయ్య మావ కాడికి ఇప్పుడే ఎల్తన్నాను. అమ్మతో నానే సెప్తాను. తాడు నానే అల్లాను, ముడి నానే ఏసాను. పైన ఇప్పకు.